చిత్త కార్తెకు ముందే: వంశధార పల్లంలో ఒక ఖరీఫ్ డైరీ

రోహిణి కార్తె, మే నెలాఖరు, 2025

రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. ఈసారి రోహిణి ప్రవేశించే నాటికే వానలు మొదలయ్యాయి. నైరుతి రుతుపవనాలు మే 24న కేరళను తాకాయి. 2009 తరువాత ఇంత తొందరగా రావడం ఇదే. ఊళ్లో చాలామంది నారుమళ్లు దున్నేశారు. మా సంఘం వాళ్లం మాత్రం విత్తనం బయటికి తీయలేదు. ఎందుకు తీయలేదో చెప్పాలంటే ఈ ఖరీఫ్‌లో తలపెట్టిన పని గురించి ముందు రాయాలి.

మాది వంశధార ఎడమ కాలువ చివరి ఆయకట్టు, పోలాకి వైపు. నీరు కావలసినప్పుడు కాలువ మా దాకా పారదు. వరద వస్తే పైనున్న ఊళ్ల నీరంతా మా పొలాల మీదుగానే సముద్రానికి పోతుంది. ఊరి భూమి మూడు మెట్లుగా ఉంటుంది: గెడ్డ (వాగు) పక్కన పల్లం, ఊరి చుట్టూ మధ్యరకం నేల, జీడితోటల వైపు మెరక. మెరకలో కొంత తప్పిస్తే అంతటా వేసేది 150 రోజుల వరే. స్వర్ణ, ఇంద్ర, అమర. మంచి దిగుబడినిచ్చే రకాలు, మిల్లర్లు అడిగే రకాలు, మాకు చేయి తిరిగిన రకాలు. వాటిలో ఏ లోపమూ లేదు. చిక్కంతా తేదీల్లో ఉంది.

జూన్ మధ్యలో నారు పోస్తే 150 రోజుల పంట నవంబరు మధ్యకు కోతకు వస్తుంది. కోతకు సుమారు నెల ముందు పూత. అంటే అక్టోబరు రెండో వారం, చిత్త కార్తె. ఇప్పుడు తుపాన్ల తేదీలు చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11, తెల్లవారకముందే పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. మూడూ చిత్త కార్తె మొదట్లో వచ్చినవే. వరి పువ్వు పొద్దెక్కాక విచ్చుకుని మధ్యాహ్నానికల్లా మూసుకుంటుంది. ఆ కాసేపట్లో ఎడతెగని వాన పట్టుకుంటే గింజ కట్టదు, తాలు మిగులుతుంది. ఊరంతా ఒకే కార్తెలో పూతకు వస్తే ఒక్క తుపాను ఊరి ఏడాది తిండిని పట్టుకుపోతుంది.

అక్టోబరు తుపాను మన తీరానికి కొత్త కాదు, మా తాతలూ చూశారు. మారింది దాని వెంట వచ్చే నీరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. పారిశ్రామిక యుగానికి ముందటి కాలంతో పోలిస్తే భూమి ఇప్పటికే 1.1 డిగ్రీలకు పైగా వేడెక్కింది. ఆ ఎక్కువ నీరు ఒకటి రెండు రోజుల్లో కుమ్మరించి పోతోంది. ఎకరం మీద 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే 4 లక్షల లీటర్లకు పైగా నీరు పడినట్టు. దాన్ని గెడ్డలోకి పంపే దారి మా పల్లానికి ఒక్కటే, అదీ గుర్రపు డెక్కతో పూడిపోయిన మురుగు కాలువ.

అందుకని ఈ ఖరీఫ్‌లో మా పని ఇది. ఊరి పంట ఒకే కార్తెలో పూతకు రాకుండా మూడుగా విడగొట్టాలి. పల్లంలో ముంపును తట్టుకునే స్వర్ణ సబ్-1. మధ్యరకం నేలలో సగం 120 రోజుల శ్రీధృతి, మిగతా సగం ఆరుద్ర చివర నారు పోసిన స్వర్ణ. మెరకలో చోడి (రాగి). పల్లం చిత్తలోనే పూతకు వస్తుంది, దాన్ని తప్పించలేం. మధ్యనేలలో ఒక సగం చిత్తకు ముందటి హస్తకే పూత ముగిస్తుంది, ఇంకో సగం చిత్త తరువాతి స్వాతికి గానీ మొదలుపెట్టదు. ఏ కార్తెలో తుపాను వచ్చినా ఊరి పంటలో ఒక భాగమే దెబ్బతినాలి. దీనితో పాటు మురుగు కాలువ బాగుచేయాలి, ఎవరి చేను ఎవరు దున్నుతున్నారో కాగితం మీదికి తేవాలి.

కాలువ పని ఉపాధి హామీలో పెట్టించాం. గెడ్డలో కలిసే చోటు దాకా పూడిక తీశారు. పని చేసిన వాళ్లలో ఎక్కువమంది పల్లంలో కౌలుకు చేసే ఆడవాళ్లే. తమ చేనిలో నీరు ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలిసినంతగా ఏ కొలతల పటానికీ తెలియదు. ఎక్కడ లోతుగా తవ్వాలో వాళ్లే చెప్పారు.

మృగశిర

వానలు ఆగిపోయాయి. మే నెలాఖరున నిలిచిపోయిన రుతుపవనం జూన్ మధ్య దాకా కదల్లేదు. ముందు నారు పోసిన వాళ్లు బోరు ఉన్న పొలాల నుంచి నీరు అడిగి తెచ్చుకుంటున్నారు. తొలి వాన పడగానే విత్తడం తరతరాలుగా సరైన పనే. రుతుపవనం వచ్చిందన్న వార్త, అది నిలబడుతుందన్న హామీ ఒకటి కావని ఇప్పుడు తెలుసుకోవలసి వస్తోంది. మేము పల్లంలో ఆ తొలి తడికి జీలుగ, పిల్లిపెసర మాత్రం చల్లాం. అవి ఎండను ఓర్చుకుంటాయి, దమ్ములో కలిపి దున్నితే నేలకు బలం.

విత్తనం దగ్గర మాత్రం చాలా తిరగవలసి వచ్చింది. స్వర్ణ సబ్-1 అడిగితే దగ్గరలోని విత్తన కేంద్రంలో మామూలు స్వర్ణ చూపించారు. రెండూ ఒకటే కదా అన్నారు. ఒకటి కావు. స్వర్ణ మన పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన రకం. ఒడిశా రైతులు పల్లపు నేలల్లో తరాలుగా కాపాడుకున్న నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకంలో ముంపును తట్టుకునే సబ్-1 జన్యువు ఉంది. దాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణలోకి తెచ్చారు. అలా తయారైన స్వర్ణ సబ్-1 2009లో మన దేశంలో విడుదలైంది. మామూలు వరి మునిగితే నీటిపైకి తల ఎత్తాలని గబగబా సాగి, ఉన్న పిండి పదార్థమంతా ఖర్చుపెట్టుకుని, నీరు తీశాక కూలబడుతుంది. సబ్-1 ఉన్న మొక్క ఊపిరి బిగపట్టిన ఈతగాడిలా ఎదుగుదల ఆపేసి, ఉన్న బలం దాచుకుని, నీరు దిగాక మళ్లీ చిగురిస్తుంది. రెండు వారాల దాకా మునక ఓర్చుకుంటుంది.

ఇంత మంచి విత్తనం పక్క రాష్ట్రపు నాటు వరికీ, మన రాష్ట్రపు స్వర్ణకూ పుట్టింది. అది విడుదలై పదిహేనేళ్లు దాటినా పల్లపు రైతు అడిగి, వెతికి, బతిమాలి తెచ్చుకోవలసి రావడం నాకు కష్టంగా ఉంది. వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2008లోనే వచ్చింది. అందులోని ఎనిమిది మిషన్లలో సుస్థిర వ్యవసాయం ఒకటి. ఆ ప్రణాళిక మా ఊరికి చేరిందో లేదో తెలుసుకోవడానికి నాకు ఒకటే గుర్తు: మృగశిర దాటకముందు ఆ బస్తా మా పల్లంలోకి వచ్చిందా? చివరికి తోటి రైతుల దగ్గర పోయిన ఏడాది దాచిన విత్తనం దొరికింది. ఉప్పునీటిలో వేసి తేలిన తాలు తీసేసి, మొలక శాతం చూసి తీసుకున్నాం.

ఆరుద్ర

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. ఓ మాదిరిగా కురిసింది. నార్లు పోశాం. శ్రీధృతి కార్తె ప్రవేశించగానే, మధ్యనేల స్వర్ణ కార్తె చివర.

ఈ కార్తెలో అసలు శ్రమ కాగితాల మీద. పల్లంలో మూడొంతులు కౌలు భూమి. యజమానుల్లో చాలామంది విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో ఉంటారు. పంట పోతే వచ్చే సాయం, బీమా, ధాన్యం అమ్మిన డబ్బు, అన్నీ ఈ-పంట అనే ప్రభుత్వ సాగు నమోదులో ఎవరి పేరు ఉంటే వాళ్లకే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు. దానివల్ల భూమి మీద యజమాని హక్కుకు ఏ భంగమూ ఉండదు. అయితే కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. అక్కడే ఆగిపోతుంది.

పల్లంలో ఎకరం చేసే పిన్ని, మా అమ్మ వైపు బంధువు, మూడేళ్లుగా సంతకం అడుగుతోంది. ఈసారి ఆమెతో కలిసి నేనూ మా పెదనాన్నా విశాఖపట్నం వెళ్లాం. యజమాని మర్యాదగానే కూర్చోబెట్టారు.

“సంతకం పెడితే రేపు భూమి నాది కాదంటారేమోనని మా పిల్లల భయం” అన్నారాయన.

పెదనాన్న చట్టం ప్రతి ఆయన ముందు పెట్టారు. “బాబూ, పదకొండు నెలల తరువాత ఈ కార్డు చెల్లదు. తిత్లీ ఏడాది ఈమె పంట పోయింది. సాయం తమరి ఖాతాలో పడింది. తమరు మంచివారు కాబట్టి తెచ్చి ఇచ్చారు. అందరూ ఇస్తారా?”

ఆయన చాలాసేపు చదివారు. సంతకం పెట్టారు. పల్లంలో ఇంకో కొందరికి కూడా ఈ కార్తెలోనే కార్డులు వచ్చాయి. రాని వాళ్లు ఇంకా ఎక్కువ. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడే హక్కును హక్కు అనడానికి నాకు మనసు రాదు. సాగు చేస్తున్నారని పక్క రైతులూ, గ్రామ సభా ధ్రువీకరిస్తే చాలుననే ఏర్పాటు రావాలి. కౌలు రైతులు ఇంత ఎక్కువగా ఉన్న తీరంలో దీనికి మించిన వాతావరణ విధానం నాకు కనిపించడం లేదు.

పుష్యమి

ఊడ్పులు పూర్తయ్యాయి. పల్లంలో నాలుగు చోట్ల రంగు గీతలు వేసిన వెదురు గుంజలు పాతాం, నీటి లోతు చూడడానికి. బడి ఆవరణలో వానమాపకం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు తొమ్మిదో తరగతి పిల్లలు చూసి పుస్తకంలో రాస్తున్నారు. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ అని వాతావరణ శాఖ లెక్క. గోడ మీద ఆ మూడు గీతలూ పిల్లలే వేశారు.

మెరకలో చోడి గుళి పద్ధతిలో నాటాం. మూరెడు దూరానికో గుంట, అందులో ఘనజీవామృతం, లేత నారు. విజయనగరం పరిశోధన కేంద్రం చోడి రకాలకు పేరున్నది, శ్రీచైతన్య అక్కడిదే. గుళికి కూలీ ఎక్కువ, విత్తనం చాలా తక్కువ. మా నాయనమ్మ అంబలి తాగి పెరిగిన మనిషి. ఆ చేను చూసి, వరి వచ్చాక తమ తరం దీన్ని చిన్నచూపు చూసిందని బాధపడింది.

ఆశ్లేష

బీమా గడువు. ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016 ఖరీఫ్‌లో మొదలైంది. మన రాష్ట్రం 2020లో దాన్నుంచి బయటికి వచ్చి సొంతంగా ఉచిత బీమా నడిపి, 2022 ఖరీఫ్‌లో తిరిగి చేరింది. ఖరీఫ్ వరికి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతానికి మించదు. సంఘంలో అందరి చేతా కట్టించాం.

కడుతున్నప్పుడే అడ్డం తగిలిన ప్రశ్న ఒకటి ఉంది. వరికి పరిహారం ఊరి సగటు దిగుబడి మీద తేలుస్తారు. ఊళ్లో నాలుగు చోట్ల ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల గడి కోసి, తూచి, సగటు కడతారు. గడచిన ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటుతో లెక్కకట్టిన హామీ దిగుబడి కంటే అది తగ్గితేనే డబ్బు. తిత్లీ లాంటి దెబ్బకు ఇది సరిపోతుంది, ఊరంతా ఒక్కసారే నష్టపోతుంది కాబట్టి. మేము చేస్తున్నది ఊరంతా ఒక్కసారే నష్టపోకుండా చూడడం. మా పని ఎంత బాగా సాగితే ఊరి సగటు అంత నిలబడుతుంది. పల్లంలో పిన్ని చేను మునిగిపోయినా ఆ సగటు కింద కనపడదు. దీనికి జవాబు ఇంకా దొరకలేదు.

మఖ

పరీక్ష వచ్చింది. ఆగస్టు మూడో వారంలో బంగాళాఖాతంలో వాయుగుండం. వంశధార పరీవాహకం చాలా భాగం ఒడిశా కొండల్లో ఉంది, అక్కడ కురిసిన వాన మాకు మరునాటికి వరదై వస్తుంది. గొట్టా బ్యారేజీ నుంచి నీరు వదిలారు. నది నిండుగా ఉంటే గెడ్డ నీరు అందులో కలవలేక వెనక్కి తన్నుతుంది. పిలకల దశలో ఉన్న పల్లం పైరు పూర్తిగా మునిగింది. గుంజల మీద ఎర్ర గీత కనపడలేదు.

నీరు దిగేసరికి వారం పట్టింది. మొదటి రోజు చూస్తే స్వర్ణ సబ్-1 మడి కూడా బురద రంగులో పడి ఉంది. పక్క మడి మామూలు స్వర్ణ, మా పెదనాన్నది, పోల్చి చూడడానికే వేయించాం. నాలుగు రోజులు గడిచాక తేడా తేలింది. సబ్-1లో మొదళ్ల నుంచి కొత్త ఆకు లేచింది. పెదనాన్న మడిలో లోతున్న మూల కుళ్లిపోయింది, గట్టు వారగా ఉన్నది మాత్రం మిగిలింది. ఎకరానికి 20 కిలోల యూరియా, 20 కిలోల పొటాష్ వేయాలన్నది శాస్త్రవేత్తల సలహా. యూరియా కోసం ఆ రోజుల్లో ఎక్కడ చూసినా బారులే. దొరికినంత పల్లానికి ముందు ఇచ్చాం, మధ్యనేల వాళ్లు తమ వంతు ఆపుకున్నారు. ఈ ఖరీఫ్‌లో నన్ను అన్నిటికంటే కదిలించిన సంగతి అదే.

పూడిక తీసిన కాలువ చేసిన మేలు కూడా రాయాలి. గెడ్డ నెమ్మదించిన రాత్రే నీరు లాగడం మొదలైంది. కాలువకు దూరంగా ఉన్న మడుల్లో ఇంకా నిలిచే ఉంది. విత్తనం గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు, మురుగు కాలువ గురించి ఎవరూ మాట్లాడరు. నా లెక్కలో రెండూ సమానమే.

ఉత్తర

శ్రీధృతి పూతకు వచ్చింది. ఎండ బాగుంది.

పొలానికి వచ్చిన ఒక అధ్యయన బృందం వరి మడుల నుంచి వెలువడే మీథేన్ గురించి అడిగింది. నిలవ నీరు తగ్గించి ఆరుతడిగా పెంచితే అది బాగా తగ్గుతుందని తెలుసు. మడిలో రంధ్రాల గొట్టం పాతి, నీరు నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ పెట్టాలి. మధ్యనేలలో అది చేయవచ్చు, చేస్తాం కూడా, ఎందుకంటే కాలువ చివర మాకు నీటి పొదుపే ప్రాణం. అయితే క్రమం మరిచిపోకూడదు. మన దేశంలో తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేవు. పల్లంలో ఎకరం కౌలుకు చేసే మనిషిని ముందు అడగవలసింది ఆమె మడి ఎంత మీథేన్ విడుస్తోందని కాదు. ఆమె పంట నిలవడానికి ఏం కావాలని.

హస్త

దసరా రోజు, అక్టోబరు 2న, మరో వాయుగుండం గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి, వాన. వంశధార మళ్లీ పొంగింది. పిల్లల పుస్తకంలో ఆ రోజు అంకె రెండో గీత దాటింది.

మఖలో మునగడం వేరు, హస్తలో మునగడం వేరు. ఇప్పుడు పల్లం పైరు పొట్ట దశలో ఉంది. సబ్-1 జన్యువు పిలకల దశలో కాపాడినట్టు ఈ దశలో కాపాడలేదు. వెన్ను పొట్టలో ఉండగా నీరు నిలిస్తే అక్కడే దెబ్బతింటుంది. ముంపు తట్టుకునే విత్తనం వేశాం కదా, ఇక భయం లేదనుకున్న వాళ్లకు ఈ తేడా చెప్పడం కష్టమైంది. సమావేశంలో ఎవరూ కోప్పడలేదు. పిన్ని మాత్రం “మరి ఈ దశకు ఏ విత్తనం ఉంది?” అని అడిగింది. ఈ దశకు విత్తనం లేదు, కాలువే ఉంది, బీమా ఉండాలి అన్నాను.

బీమాకు ఫోన్ చేస్తే, నీట మునిగిన వరికి ఒక్కో పొలం చూసి నష్టం కట్టే నిబంధన లేదన్నారు. ఒకప్పుడు ఉండేది. 2018లో వరిని అందులోంచి తీసేశారు. వరి నీటిలోనే పెరిగే పంట కాబట్టి నష్టం తేల్చడం కష్టమని, తప్పుడు దరఖాస్తులు వస్తాయని కారణం చెప్పారు. వరికి ముంపు నష్టం లేదనడం మా పల్లానికి చెప్పగల మాట కాదు.

పంట నష్టం నమోదుకు సిబ్బంది వచ్చారు. 33 శాతం దాటితే పెట్టుబడి సాయానికి అర్హత. నీటి వసతి ఉన్న భూమికి విపత్తు నిధి నిబంధన ప్రకారం హెక్టారుకు 17,000 రూపాయలు. ఈ-పంటలో ఉన్న పేరే రాసుకున్నారు. పిన్ని పేరే రాసుకున్నారు. ఆరుద్రలో విశాఖపట్నం వెళ్లిన ప్రయాణం ఇక్కడ అక్కరకొచ్చింది. కార్డు రాని పక్క మడుల వాళ్లవి యజమానుల పేర్ల మీదే వెళ్లాయి.

చిత్త

ఈ ఏడాది చిత్త ప్రశాంతంగా గడిచింది. శ్రీధృతి గింజ గట్టిపడింది. పల్లంలో మిగిలిన పైరు ఈనింది, వెన్నుల చివర్లు తెల్లగా ఉన్నాయి. చోడి కంకులు ముడుచుకున్నాయి.

స్వాతి

మొంథా తుపాను అక్టోబరు 28 రాత్రి దక్షిణాన గోదావరి తీరం వైపు దాటింది. మాకు వాన భాగం దక్కింది. సమస్యంతా కోసిన శ్రీధృతిది. హెచ్చరిక నాలుగైదు రోజుల ముందే వచ్చింది కాబట్టి కోతలు ఆపమని అందరికీ చెప్పాం. అప్పటికే కోసి పనలు మడిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లాం, మొలక రాకుండా. గట్ల మీదికి ఎత్తగలిగినవి ఎత్తాం. కోసి ఆరబెట్టిన పంటకు 14 రోజుల దాకా తుపాను వానల నష్టం బీమాలో వర్తిస్తుంది, అదీ ఏ పొలానికి ఆ పొలం. 72 గంటల్లో తెలియజేయాలి. ఈ నిబంధన ముందే చదివి, సర్వే నంబర్లూ బీమా రసీదులూ ఒక్కో రైతుకు ఒక్కో సంచిలో సర్ది ఉంచాం. మొదటి రోజే ఫొటోలతో అందరివీ వెళ్లాయి. చూడడానికి మనిషి వచ్చాడు, తడి పనలు చూసి రాసుకున్నాడు.

ఆలస్యంగా నాటిన మధ్యనేల స్వర్ణ ఆ వానకు పూత మొదట్లో ఉంది. కొంత తాలు తప్పదు. ఊరు మొత్తం ఆ దశలో లేదు, అంతవరకు పని ఫలించింది.

అనూరాధ, నవంబరు మూడో వారం

ఊళ్లో పంట కోత ప్రయోగాలు ముగిశాయి. నాలుగు గడుల్లో ఒకటే పల్లంలో పడింది. ఊరి సగటు హామీ దిగుబడి కంటే తగ్గదని తూచినప్పుడే అర్థమైంది. ఆశ్లేషలో రాసుకున్న ప్రశ్న ఇప్పుడు పిన్ని ఇంటి ముందు నిలబడింది. ఆమె ఎకరంలో మామూలుగా వచ్చే ధాన్యంలో సగం కూడా లేదు.

సంఘం సమావేశం వేడిగా జరిగింది. మధ్యనేల వాళ్లలో ఒక మామ, తన చేను ఎవరి దయవల్లా నిలబడలేదని, పల్లం కౌలు తీసుకునే ముందే ఆలోచించుకోవాలని అన్నాడు. పెదనాన్న జవాబు చెప్పారు: “పల్లంలోకి వెళ్లే నీరు నీ చేనిది కాదా? పల్లం లేకపోతే ఆ నీరు నీ దగ్గరే ఆగేది.” చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మామే మొదట ఒప్పుకున్నాడు. మధ్యనేల, మెరక రైతులు ఎకరానికి 10 కిలోల ధాన్యం ఊరి గాదెలో వేస్తారు. ముంపుతో సగానికి పైగా నష్టపోయిన పల్లం రైతులకు అది పంచుతారు. షరతు ఒకటే, వచ్చే ఏడాది సంఘం అనుకున్న రకం, అనుకున్న కార్తెలో నాటాలి. అది ఆమె నష్టమంతా తీర్చదు. తిండి గింజలకు లోటు లేకుండా చూస్తుంది.

నవంబరు 18న కేంద్ర వ్యవసాయ శాఖ నుంచి ప్రకటన వచ్చింది. 2026 ఖరీఫ్ నుంచి వరి ముంపు నష్టం మళ్లీ బీమాలో చేరుతుంది, పొలం పొలానికీ చూసి కడతారు. అడవి జంతువుల నష్టం కూడా చేర్చారు. 72 గంటల్లో స్థలం గుర్తుతో సహా ఫొటోలు పంపాలి. ఏడేళ్లుగా మూసి ఉన్న తలుపు తెరుచుకుంది. నాకు నిజంగా సంతోషంగా ఉంది. మెరకలో అడవి పందుల బెడద ఉన్న చోడి రైతులకు కూడా ఇది ఊరట.

ఇక మిగిలింది దాన్ని అందుకోవడం. ముంపు వేళ కరెంటు ఉండదు, ఫోన్లు పనిచేయవు, మోకాలి లోతు నీటిలో మడి దగ్గరికి చేరడమే కష్టం. ఆ 72 గంటలు ఎప్పటి నుంచి లెక్కపెడతారన్నది మార్గదర్శకాల్లో స్పష్టం కావాలి. నీరు మడి నుంచి దిగిన సమయం నుంచి లెక్కపెట్టాలని మా సంఘం తరఫున కలెక్టరు కార్యాలయానికి అర్జీ రాశాం. పిల్లల వాన పుస్తకం నకలు, గుంజల లోతు కొలతలు జతచేశాం. తప్పుడు దరఖాస్తులకు భయపడే వాళ్లకు అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

పల్లం మడుల్లో మినుము చల్లారు. సంక్రాంతికి యజమానులు ఊరికి వస్తారు. కౌలు సంతకాల పని ఈసారి అప్పుడే మొదలవుతుంది, ఆరుద్ర దాకా ఆగదు. కార్డు లేని పల్లం రైతుల జాబితా పెదనాన్న దగ్గర ఉంది. సబ్-1 విత్తనం ఈ ఏడాది మంచిగా నిలిచిన మడి నుంచే కోయించి, ఆరబెట్టి, విడిగా దాచాం. పల్లం మొత్తానికి సరిపోదు, సగానికి వస్తుంది. మిగతా సగానికి ఇప్పుడే అర్జీ పెట్టాం, మృగశిరకు ముందు కావాలని తేదీ వేసి.